రెండు ప్రాణాల అమానతు

కొన్నేళ్ల క్రితం ఒక సాయంత్రం, అస్ర్ నమాజు ముగిసిన తరువాత, నా పూర్వ విద్యార్థి ఒకడు మదరసా వరండాలోకి వచ్చి కూర్చున్నాడు. హఫీజ్‌పేట్‌లో పండ్ల బండి నడుపుకునే యువకుడు. భార్యకు ఎనిమిదో నెల. "హజ్రత్, కాళ్లు, ముఖం వాచిపోయాయి. రెండు రోజులుగా తలనొప్పి తగ్గడం లేదు. దిష్టి తగిలిందని అమ్మీ అంటోంది. నీళ్లు దమ్ చేసి ఇవ్వండి" అన్నాడు. నేను దుఆ చదివి సీసాలోని నీళ్లకు ఊది ఇచ్చాను. స్వస్థత నొసగేవాడు అల్లాహ్‌యేనని ధైర్యం చెప్పాను. డాక్టరుకు చూపించావా అని మాత్రం అడగలేదు. మరునాటి రాత్రి ఆమెకు ఫిట్స్ వచ్చాయి. తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు. ఆ పసికందును ఖబ్రస్తాన్‌కు తీసుకువెళ్లినవారిలో నేనూ ఉన్నాను.

దుఆ చదవడం తప్పు కాదు. అక్కడితో ఆగిపోవడమే తప్పు. వైద్యం చేయించుకోవచ్చునా అని పల్లెవాసులైన అరబ్బులు అడిగినప్పుడు, చేయించుకోండి, వార్ధక్యానికి తప్ప ప్రతి వ్యాధికీ అల్లాహ్ మందును సృష్టించాడని దైవప్రవక్త (స) సెలవిచ్చారు. ఈ హదీసును ముప్పై ఏళ్లుగా పాఠంగా చెబుతున్నవాడిని నేను. అవసరమైన రోజున అది నాకు గుర్తు రాలేదు.

ఆ అమ్మాయికి వచ్చింది రక్తపోటు జబ్బు. గర్భం ఐదు నెలలు దాటిన తరువాత కొందరిలో రక్తపోటు పెరుగుతుంది, మూత్రంలో ప్రొటీను పోతుంది. ఆరంభంలో బాధ ఏమీ తెలియకపోవచ్చు. తలనొప్పి, కళ్లు మసకబారడం, ముఖం, చేతులు వాయడం మొదలయ్యేసరికి ఆలస్యమైపోయి ఉంటుంది. దీనిని పసిగట్టడానికి కావలసింది చేతికి కట్టే బీపీ పట్టీ, ఒక మూత్ర పరీక్ష. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో రెండూ ఉచితమే. హైటెక్ సిటీ అద్దాల మేడలు కనిపించేంత దూరంలో ఉండి ఈ రెండు పరీక్షలు జరగక ఒక బిడ్డ పోయాడంటే, ఆ లోటు వైద్యశాస్త్రానిది కాదు.

తల్లి మోసే భారాన్ని దివ్య ఖుర్ఆన్ తేలికగా చెప్పలేదు. లుఖ్మాన్ సూరా 14వ వాక్యం ఆ స్థితిని బలహీనతపై బలహీనతగా వర్ణిస్తుంది. మర్యమ్ సూరా 23 నుంచి 26 వరకు గల వాక్యాలను ఈసారి కొంచెం నిదానంగా చదవండి. ప్రసవ వేదనతో ఖర్జూరపు చెట్టు మొదలును ఆశ్రయించిన మర్యమ్ (అలైహిస్సలాం)కు అందిన ఆదేశం ఏమిటి? దుఃఖించకు, పండిన ఖర్జూరాలు తిను, నీళ్లు తాగు, కన్నులు చల్లబరచుకో అని. అంతటి పవిత్రురాలికి, అంతటి కష్టకాలంలో, ముందుగా ఆహారం, నీరు, మనశ్శాంతి! మన ఇళ్లలో కోడలు అందరూ తిన్నాక మిగిలింది తింటుంది.

ఇక్కడ ఒక చేదు మాట చెప్పక తప్పదు. ప్రసవంలో మరణించిన స్త్రీకి షహీద్ దర్జా లభిస్తుందని హదీసు ఉంది. అది నిజం, దుఃఖితులకు గొప్ప ఊరట. అయితే ఆ ఊరటను మన నిర్లక్ష్యానికి ముసుగుగా వాడుకునే హక్కు ఎవరిచ్చారు? ఆమె దర్జా ఆమెది. ఆమెను పరీక్షకు తీసుకువెళ్లని భర్త, అత్తగారు, సలహా అడిగితే చెప్పని మాలాంటి మౌల్వీలు అల్లాహ్ సన్నిధిలో చెప్పుకోవలసిన జవాబు వేరే ఉంటుంది.

మన నగరానికి ఈ విషయంలో ఒక జ్ఞాపకం ఉంది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ చిన్న కోడలు నీలోఫర్, ఉస్మానియా రాజవంశపు ఆడపడుచు. 1949లో ఆమె పరిచారిక రఫత్ ప్రసవ సమయంలో మరణించింది. తనకు సంతానం లేని ఆ రాకుమారి, మరో రఫత్‌కు ఈ గతి పట్టరాదని పట్టుబట్టింది. రెడ్‌హిల్స్‌లో 1953 నుంచి నడుస్తున్న నీలోఫర్ ఆసుపత్రి ఆ పట్టుదల ఫలమే. పరిచారిక మరణాన్ని విధివ్రాతగా వదిలివేయడం ఆమెకు కష్టమేమీ కాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2023లో గర్భం, ప్రసవం కారణంగా సుమారు 2,60,000 మంది తల్లులు మరణించారు. రోజుకు 700 మందికి పైగా. వీటిలో అధికభాగం నివారించదగినవే. 2018-20 లెక్కల్లో లక్ష ప్రసవాలకు దేశంలో 97 మరణాలు, తెలంగాణలో 43. మెరుగే. కానీ ఆ 43 ఇళ్లలో ఒకటి మనదైతే?

గర్భం నిర్ధారణ అయిన వెంటనే, మూడు నెలలు నిండకముందే మొదటి పరీక్ష జరగాలి. ప్రభుత్వం కనీసం 4 పరీక్షలంటుంది; ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 నుంచి 8 అంటోంది. గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెలిపింది. ఐరన్ మాత్రలు ఇంటికి వస్తాయి, అల్మారాలో ఉండిపోతాయి. మింగినవారు కూడా వెంటనే చాయ్ తాగుతారు. చాయ్ ఆ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. రెండింటి మధ్య కనీసం గంట వ్యవధి ఉంచండి. సత్వాసా వేడుకకు వేలు ఖర్చుచేసే ఇళ్లలో రక్తపరీక్షకు డబ్బు లేదనడం నేను విన్నాను.

ఖర్చు ఎవరిదని కొందరు సోదరులు అడుగుతారు. పూర్వ ఫుఖహాలు వైద్య ఖర్చును భార్య నఫఖాలో చేర్చలేదన్నది వాస్తవం. అయితే తలాఖ్ సూరా 6వ వాక్యం, విడాకులిచ్చిన భార్య గర్భవతి అయితే ప్రసవం వరకు ఆమెపై ఖర్చు చేయమని ఆదేశిస్తోంది. విడిపోయిన స్త్రీకే అంత హక్కుంటే, కాపురం చేస్తున్న ఇల్లాలి సంగతి వేరే చెప్పాలా? నేటి కాలపు ఉలమాలు అనేకులు వైద్యాన్ని నఫఖాలో భాగంగానే పరిగణిస్తున్నారు. నా అభిప్రాయమూ అదే.

పర్దా మాట. మహిళా డాక్టరు ఉంటే ఆమె వద్దకే వెళ్లాలి. లేనప్పుడు అవసరమైనంత మేరకు పురుష వైద్యునికి చూపించడానికి షరీఅత్ అనుమతిస్తుంది. ఆపరేషన్ భయం మరొకటి. తెలంగాణలో ప్రసవాలలో 60 శాతానికి పైగా సిజేరియన్లేనని అదే సర్వే చెప్పింది గనుక ఆ భయాన్ని నేను కొట్టిపారేయను. కానీ నెలనెలా పరీక్షలు చేయించుకున్నవారి చేతిలో కాగితాలుంటాయి. ఆపరేషన్ ఎందుకని అడగగలుగుతారు.

రమజాన్‌లో గర్భిణులు ఉపవాసం గురించి అడుగుతూ ఉంటారు. తనకు గానీ బిడ్డకు గానీ హాని కలుగుతుందన్న భయముంటే విడిచిపెట్టి, తరువాత ఖజా పాటించవచ్చు. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం ఫిద్యా అవసరం లేదు.

మన బస్తీ పరిస్థితికి సంబంధించి ఇంకొకటి. ఇక్కడి ఆడపిల్లలు ఏడో నెలలో జహీరాబాద్‌కో, మహబూబ్‌నగర్‌కో పుట్టింటికి వెళతారు. తల్లీబిడ్డల సంరక్షణ కార్డు ఇక్కడి బీరువాలోనే ఉండిపోతుంది. అక్కడి డాక్టరుకు రక్త గ్రూపు తెలియదు, బీపీ ఎలా ఉంటూ వచ్చిందో తెలియదు. బట్టల పెట్టెలో మొదట పెట్టవలసింది ఆ కార్డు. ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ప్రత్యేక పరీక్షలుంటాయి.

ఆ పండ్ల బండి యువకుడు పోయిన నెల మళ్లీ వచ్చాడు. భార్యకు నాలుగో నెల. దమ్ చేసిన నీళ్లు కావాలన్నాడు. ముందు కార్డు చూపించమన్నాను. జేబులోంచి తీశాడు. మూడు బీపీ కొలతలు రాసి ఉన్నాయి. చదివిన తరువాత సీసా అందుకున్నాను.