వాళ్ళ చరిత్రలో మన పిల్లల వాటా

ఫిబ్రవరి వస్తే అమెరికా యూనివర్సిటీల్లో నల్లజాతీయుల చరిత్ర మాసం జరుపుతారు. ఉపన్యాసాలు, పాటలు, భోజనాలు ఉంటాయి. అక్కడ చదువుకునే మన పిల్లలు ఫోన్‌లో ఆ సంగతి చెబితే మనలో చాలామంది ఇచ్చే జవాబు ఒకటే. "అవన్నీ మనకెందుకు, నీ చదువు నువ్వు చూసుకో." కొందరు ఇంకో మాట కూడా కలుపుతారు. "వాళ్ళతో కాస్త జాగ్రత్త." ఈ రెండు మాటలూ మనం మానుకోవాలి.

ఈ ఉత్సవం ఎవరో పైనుంచి ఇచ్చింది కాదు. కార్టర్ వుడ్సన్ అనే చరిత్రకారుడు 1926లో దీన్ని ఒక వారం పండగగా మొదలుపెట్టాడు. ఆయన తల్లిదండ్రులు బానిసలుగా బతికినవాళ్ళు. ఆయన బొగ్గు గనిలో పనిచేసి, తర్వాత హార్వర్డ్‌లో డాక్టరేట్ తీసుకున్నాడు. ఆ వారాన్ని నెల చేసింది మన పిల్లల ఈడు వాళ్ళే. ఒహాయోలోని కెంట్ స్టేట్ యూనివర్సిటీ నల్లజాతి విద్యార్థులు 1969లో అడిగి, 1970లో జరిపి చూపించారు. 1976లో అధ్యక్షుడు ఫోర్డ్ దేశమంతా జరుపుకోమన్నాడు.

ఇక పౌరసత్వం సంగతి. నల్లజాతివాళ్ళు ఈ దేశ పౌరులు కాలేరని 1857లో అమెరికా సుప్రీం కోర్టే తీర్పు చెప్పింది. ఒక అంతర్యుద్ధం జరిగాక, 1868లో రాజ్యాంగానికి పద్నాలుగో సవరణ వచ్చింది. అక్కడ పుట్టినవాళ్ళు అక్కడి పౌరులేనని అందులో రాశారు. బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్ళ కోసం రాసిన మాట అది. మన ఇళ్ళలో ఎంతమంది మనవలు, మనవరాళ్ళు ఆ మాట వల్లే అక్కడి పౌరులయ్యారో లెక్కేసుకోండి.

కాగితం మీద పౌరసత్వం వచ్చినా ఓటు దక్కలేదు. దక్షిణాది రాష్ట్రాల్లో చదువు పరీక్ష పెట్టి వెనక్కి పంపేవారు. సౌత్ కరోలినాలోని జాన్స్ ఐలాండ్‌లో 1957లో ఒక బడి మొదలైంది. ముందు భాగం కిరాణా కొట్టు, వెనక గదిలో రాత్రి బడి. తెల్లవాళ్ళ కంట పడకుండా అలా పెట్టుకున్నారు. పాఠాలు చెప్పిన బెర్నీస్ రాబిన్సన్ టీచరు కాదు. జుట్టు అలంకరణ, కుట్టుపని చేసుకునే మనిషి. పొలం పనులు చేసి వచ్చిన పెద్దవాళ్ళకి పేరు రాయడం, మనియార్డరు ఫారం నింపడం, ఓటు కోసం రాజ్యాంగం చదవడం నేర్పింది. సెప్టిమా క్లార్క్ అనే టీచరమ్మ ఆ బడుల్ని ఊరూరా విస్తరించింది. వాటికి పౌరసత్వ బడులని పేరు. ఇల్లు, పని చూసుకుంటూనే ఆడవాళ్ళు చేసిన పని అది.

అలాంటి ఎన్నో పోరాటాల ఫలితంగా 1965 ఆగస్టు 6న ఓటు హక్కుల చట్టం వచ్చింది. రెండు నెలలు తిరక్కుండా, అక్టోబరు 3న కొత్త వలస చట్టం వచ్చింది. అంతకుముందు భారతీయులకి ఏడాదికి ఇచ్చిన కోటా వంద మంది. పుట్టిన దేశాన్ని బట్టి మనుషుల్ని తూచడం తప్పని ఆ దేశం ఒప్పుకునేలా చేసింది పౌరహక్కుల ఉద్యమమే. మన డాక్టర్లు, ఇంజనీర్లు ఆ తెరిచిన తలుపులోంచే వెళ్ళారు.

నెల రోజులు పాటలు పాడి మర్చిపోతే ఏం లాభం అనేవాళ్ళూ ఉన్నారు. నిజమే, పోస్టర్లతో ఆగిపోతే లాభం లేదు. కానీ ఆ నెలైనా లేకపోతే, ఈ కథలేవీ మన పిల్లల చెవిన పడవు. వీసా, ఉద్యోగం, ఇల్లు అనే లెక్కల్లో పడి, తాము నడిచే దారి ఎవరు వేశారో తెలియకుండానే బతికేస్తారు.

మన వంతు పని ఇంకొకటి ఉంది. పెళ్ళి సంబంధాల్లో "అమ్మాయి కాస్త రంగు తక్కువ" అని మనం అనే మాట వింటూ పెరిగిన పిల్ల, అక్కడ నల్లజాతి క్లాస్‌మేట్ పక్కన కూర్చోడానికి జంకితే ఆ నేరం ఎవరిది? ముందు మన ఇంట్లో ఆ మాట ఆపాలి. ఈసారి పిల్లలు ఆ సభ సంగతి ఎత్తితే, "వెళ్ళు, విను, నాకూ చెప్పు" అందాం.