మనకు రెండు జెండాలు

ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవం. ఆరు రోజులు తిరిగేసరికి ఆగస్టు 15. మొదటి రోజు మన జెండా మోసిన చేతులే తర్వాత బడి దగ్గర మూడు రంగుల జెండాకు తాడు కడతాయి. ఈ రెంటి మధ్య మన తమ్ముళ్ళలో, చెల్లెళ్ళలో ఒక వాదన నడుస్తా ఉంటది. "ఆ జెండాతో మనకేం పని?" అంటారు కొందరు. "అదొక్కటి చాలదా, ఇంకోటి పట్టుకుంటే వేరు పడుతున్నారని అనరా?" అంటారు ఇంకొందరు. ఈ పంచాయితీ కొత్తది కాదు. 1947లోనే మన పెద్దాయన ఒకరు జవాబు చెప్పి వెళ్ళారు.

ముందు జెండా కథ చూద్దాం. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాలప్పుడు భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య ఎరుపు, ఆకుపచ్చ రంగులతో గీసిన జెండా గాంధీకి చూపించారు. మిగిలిన వాళ్ళకూ చోటుండాలని గాంధీ తెలుపు చేర్చమన్నారు, రాట్నం పెట్టమన్నారు. 1931లో ఎరుపు పోయి కాషాయం వచ్చింది. ఈ రంగులకు మతంతో సంబంధం లేదని అప్పుడే తేల్చి చెప్పారు. 1947 జూలై 22న రాజ్యాంగ సభలో నెహ్రూ తీర్మానంతో రాట్నం స్థానంలో 24 ఆకుల అశోక చక్రం వచ్చింది.

బెజవాడలో జెండా గీసిన మరుసటి ఏడాదే, 1922 ఆగస్టులో, చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకెళ్ళారు మన్యం వీరులు. అల్లూరి వెంట గాం గంటందొర, మల్లుదొర ఉన్నారు. పోడు కొట్టుకోనివ్వని అటవీ చట్టం మీద, రోడ్డు పనుల్లో వెట్టి మీద ఆ తిరుగుబాటు. జార్ఖండ్‌లో తానా భగత్‌లయితే రాట్నం ఉన్న జెండాను ఈ రోజుకీ వేల్పులా కొలుస్తారు. కాబట్టి ఆ జెండా మనది కాదని ఎవరన్నా అంటే నమ్మకండి. దానికి మనమూ రక్తం ఇచ్చాం.

ఇక ఆ పెద్దాయన సంగతి. 1928 ఒలింపిక్స్‌లో భారత హాకీ జట్టు కెప్టెన్, జైపాల్ సింగ్ ముండా. అదే జూలై 22న సభలో లేచారు. జెండా ఎగరేయడం నాగరికుల సొత్తని ఇక్కడ చాలామంది అనుకుంటున్నారు, కానీ అందరికంటే ముందు జెండా ఎత్తినోళ్ళు, దానికోసం కొట్లాడినోళ్ళు ఆదివాసులే అన్నారు. ఛోటా నాగ్‌పూర్‌లో ప్రతి ఊరికీ ఒక జెండా ఉంటుందని, ఒక ఊరి జెండాను ఇంకో ఊరు పెట్టుకోదని చెప్పారు. ఇకపై మాకు రెండు జెండాలు, వేల ఏళ్ళుగా ఉన్నదొకటి, ఈ జాతీయ జెండా ఒకటి అని చెబుతూనే తీర్మానాన్ని సమర్థించారు. దేశద్రోహం అని ఎవరూ అనలేదు.

ఆయన మాట మనకూ వర్తిస్తుంది. కోయ పల్లెల్లో వేల్పుల పడిగెలు చూడలేదా? మూడు మూలల గుడ్డ మీద బొమ్మలుంటాయి. డోలి వాయించేవాళ్ళు వాటిని చూపిస్తూ గోత్రం కథ చెబుతారు. బడిలేని కాలంలో అదే మన చరిత్ర పుస్తకం. ఆ కథలు చెప్పే సకిని రామచంద్రయ్యకు 2022లో ఇదే దేశం పద్మశ్రీ ఇచ్చింది.

ఇంకొక్క మాట. ఆకుపచ్చ రంగంటే నేలతో, చెట్టూ చేమతో మనకున్న బంధం అని ఆ రోజు సభలో రాధాకృష్ణన్ వివరించారు. అది మన జల్, జంగల్, జమీన్ మాటే కదా! మరి 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి అడగడానికి వచ్చిన గోండుల మీద తుపాకులు పేల్చినప్పుడు ఆ ఆకుపచ్చకు అర్థం ఏమైంది? 2006 అటవీ హక్కుల చట్టం వచ్చాక కూడా పోడు పట్టా కోసం ఆఫీసుల చుట్టూ తిరుగుతున్న అవ్వకు ఆ రంగు ఏం చెబుతోంది?

జెండాకు దండం పెట్టడం సులువు. దాని రంగు నిలబెట్టడమే కష్టం. ఆ పని సర్కారుది. గుర్తు చేయడం మన పని.

అందుకే ఈ ఆగస్టు 15న జెండా ఎగరేశాక వెంటనే ఇంటికి పోకండి. అక్కడే గ్రామసభ పెట్టండి. పట్టాలు రానోళ్ళ పేర్లు చదవండి, తీర్మానం రాయండి. సాయంత్రం పెద్దోళ్ళ దగ్గర కూర్చుని మీ గోత్రం పడిగె కథ అడిగి ఫోన్‌లో రికార్డు చేసుకోండి. ఒక జెండా మన హక్కు. ఇంకొకటి మన పుట్టుక. ఏ ఒక్కటీ దించాల్సిన పని లేదు.

జోహార్!