సీలు చర్మం కోటు వేసుకుంటే తప్పా?

క్యాబేజీ పది రూపాయలు పెరిగితే చాలు, కూరల బండి అబ్బాయిని మనం ఎన్ని మాటలంటామో తెలిసిందే కదా! ఒక్క క్యాబేజీ 20 డాలర్లు దాటితే ఏం చేస్తారు మీరు? కెనడాకి ఉత్తరాన, మంచుసీమలో ఉన్న నూనావుట్ ఆడవాళ్ళు ఫోటో తీశారు.

నూనావుట్ 1999లో ఏర్పడింది. జనాభా సుమారు 40 వేలు. అందులో ఎక్కువమంది ఇన్యూట్లు, అంటే అక్కడి మూలవాసులు. చిన్నప్పుడు పాఠాల్లో ఎస్కిమోలని చదువుకున్నామే, వాళ్ళే. ఆ పేరు వాళ్ళలో చాలామందికి నచ్చదు, మనమూ మానేద్దాం. అక్కడున్నవి 25 ఊళ్ళు. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి రోడ్డు లేదు. సరుకులు విమానంలో రావాలి, లేదంటే వేసవిలో మంచు కరిగాక ఓడలో రావాలి. అందుకే ఆ ధరలు.

2012లో ఇకాలుయిట్ పట్టణంలో లీసీ పపాట్సీ అనే ఆవిడ ఫేస్‌బుక్‌లో ఒక గ్రూపు మొదలుపెట్టారు. దాని పేరు 'ఫీడింగ్ మై ఫ్యామిలీ', అంటే నా వాళ్ళకి తిండి పెట్టుకోవడం. కొట్టుకి వెళ్ళడం, ధర చీటీ కనబడేలా ఫోటో తీసి అందులో పెట్టడం, అంతే! కొద్ది వారాల్లోనే వేలమంది చేరారు. ఆ జూన్‌లో కొట్ల ముందు అట్టలు పట్టుకుని నిలబడ్డారు కూడా. నలుగురిలో గొంతెత్తి అడగడం ఇన్యూట్ల పద్ధతి కాదట. అలాంటివాళ్ళే వీధిలోకి వచ్చారంటే ఇళ్ళల్లో పరిస్థితి ఎలా ఉందో మీరే ఊహించుకోండి.

క్యాబేజీ మానేస్తే సరిపోదా అంటారేమో. నిజమే, వాళ్ళ అసలు తిండి అది కాదు. సీలు అనే సముద్రపు జంతువు, కారిబూ అనే దుప్పి, చేపలు. వేటాడి తెచ్చిన మాంసం ఊళ్ళో పంచుకుంటారు. కోసేది 'ఉలు' అనే అర్ధచంద్రాకారపు కత్తితో. అది ఆడవాళ్ళ కత్తి, మన కత్తిపీటకి దూరపు చుట్టమనుకోండి. చర్మంతో బూట్లూ కోట్లూ కుట్టేదీ ఆడవాళ్ళే. మిగిలిన చర్మాలు అమ్మి, ఆ డబ్బుతో పెట్రోలూ తూటాలూ కొనుక్కుని మళ్ళీ వేటకి వెళ్ళేవారు. 2009లో ఐరోపా సమాజం సీలు వస్తువుల అమ్మకాన్ని నిషేధించింది. ఇన్యూట్లకి మినహాయింపు ఇచ్చామన్నారు గానీ, కొనేవాడే వెనక్కి తగ్గితే ఆ మినహాయింపుని వండుకు తింటారా!

2014 మార్చిలో ఆస్కార్ వేడుకలో ఎలెన్ డిజెనరస్ సినీతారలతో తీసుకున్న సెల్ఫీ లోకమంతా తిరిగింది. దాని పేరు మీద వచ్చిన విరాళంలో 15 లక్షల డాలర్లు సీలు వేటని వ్యతిరేకించే ఒక జంతు సంక్షేమ సంస్థకి వెళ్ళాయి. ఇన్యూట్లు ఏం చేశారనుకున్నారు? సీలు చర్మం కోట్లూ బూట్లూ వేసుకుని, నవ్వుతూ ఫోటోలు దిగి పెట్టారు. సెల్ఫీకి బదులు 'సీల్ఫీ' అన్నమాట! గాయని తాన్యా తగాక్ తన పసిబిడ్డని వేటాడిన సీలు పక్కన పడుకోబెట్టిన ఫోటో పెడితే ఆవిడ మీద తిట్ల వర్షం కురిసింది.

మాంసం ముట్టని ఇళ్ళు మనలో చాలా ఉన్నాయి. అలాంటి ఫోటో చూసి కళ్ళు తిప్పుకోవడం సహజమే. కానీ ఆకుకూర మొలవని నేల మీద పిల్లల్ని పెంచిన తల్లికి, నువ్వు తినేది తప్పని చెప్పడానికి మనమెవరం? అలీథియా అర్నకుక్-బరీల్ అనే ఇన్యూట్ దర్శకురాలు 2016లో 'యాంగ్రీ ఇనుక్' అని డాక్యుమెంటరీ తీశారు. తమవాళ్ళ కోపం నెమ్మదిగా ఉంటుందనీ, అరిచేవాళ్ళ మధ్య అది ఎవరికీ వినబడదనీ అందులో చూపించారు.

ఇంకొకటి చెప్పాలి. 2020 నుంచి షీనా నోవలింగా అనే యువతి తల్లితో కలిసి గొంతుపాటల వీడియోలు పెడుతోంది. పాట అంటే సాహిత్యం ఉండదు. ఇద్దరు ఆడవాళ్ళు ఎదురెదురుగా నిలబడి, ఊపిరితోనూ గొంతులోంచీ శబ్దాలు చేస్తారు. మగవాళ్ళు వేటకి వెళ్తే ఆడవాళ్ళు పొద్దుపుచ్చుకున్న ఆట అది. మతబోధకులు వచ్చాక చాలాచోట్ల మాన్పించారు. ఇప్పుడు లక్షలమంది చూస్తున్నారు. ఎవరు ముందు నవ్వితే వాళ్ళు ఓడినట్టు. ఈ తల్లీకూతుళ్ళేమో చాలాసార్లు ఇద్దరూ కలిసే పకపకా నవ్వేస్తారు!