ఎవడు పడితే వాడు

పోయిన వేసవి సెలవులకు ముందు మా స్కూలు స్టాఫ్ రూములో ఒక సంతాపసభ జరిగింది. పోయింది మనిషి కాదు, హోటలు. టౌనులో అయ్యగారి హోటలు మూసేశారు. ఒకప్పుడు మా జిల్లాలో నాలుగు ఊళ్లలో దానికి బ్రాంచీలుండేవి. ఒక్కొక్కటే మూతబడి చివరికి మిగిలింది ఇదే. పేరు రాయను. రాస్తే అది ఒక్క హోటలు సంగతైపోతుంది.

లెక్కల మాస్టారు నేతి పెసరట్టు తలుచుకున్నారు. ఇంకొకాయన బోర్డు ఫోటో అందరి ఫోన్లకూ పంపించాడు. తెలుగు మాస్టారైతే సాంబారు వాసన మీద పద్యం చెప్పినంత పని చేసి, నిట్టూర్చి అన్నారు: "ఆ చేతి రుచి ఇక రాదండీ. ఇప్పుడు ఎవడు పడితే వాడు హోటలు పెడుతున్నాడు." అందరూ తలలూపారు. నేను సోషల్ నోట్సు రాసుకుంటా తలెత్తలేదు. ఆ రోజు నోరెత్తనందుకే ఇవాళ ఇది రాస్తున్నా.

ఆ హోటలుతో మాకూ సంబంధం ఉంది మాస్టారూ. మీరు ముందు తలుపులోంచి పోయారు, మా నాయన వెనక సందులోంచి. ఆసామి తోటలో అరిటాకులు కోసి, కట్టలు కట్టి, సైకిలు మీద తొక్కుకుంటా తెచ్చి గోడవార దించేవాడు. లోపల్నించి ఒకాయన చెంబుతో వచ్చి ఆ కట్టల మీద నీళ్లు చల్లి, అప్పుడు తీసుకునేవాడు. మాదిగోడు ముట్టిన ఆకు ఆ నాలుగు చుక్కలతో బాగుపడేది. ఆ ఆకులోనే మీరు భోంచేశారు. డబ్బులు చేతికివ్వరు, అరుగు మీద పెడతారు. పండగ ముందు రోజు మాత్రం ఒక పొట్లం దొరికేది. ఇల్లు చేరేసరికి చల్లారిపోయిన ఇడ్లీ కోసం నేనూ మా చెల్లీ కొట్టుకునేవాళ్లం. రుచిగానే ఉండేది, అబద్ధమెందుకు.

ఇది తాతల నాటి ముచ్చట కాదు. 1997. యాభై ఏళ్ల స్వాతంత్య్రమని మా బళ్లో బిళ్లలు పంచిన ఏడు.

ఆ చేతి రుచి అంటారు గదా, ఏ చెయ్యి? బాపనోళ్ల వంట ఎవరైనా తినొచ్చు, వాళ్లు మాత్రం కిందోళ్ల వంట ముట్టరు. ఈ లెక్క మీదే గదా ఆ వ్యాపారం లేచింది! ఉడుపి వంటవాళ్లు మద్రాసుకూ బెంగుళూరుకూ బొంబాయికీ పోయి హోటళ్లు పెట్టి నిలదొక్కుకున్నారంటే వాళ్ల కష్టం ఉంది, కాదన్ను. కానీ కష్టం మా నాయనా పడ్డాడు. ఆయన కష్టానికి బోర్డు రాలేదు. వంటవాడి కులమే ఆ హోటలుకి పెట్టుబడి. మీరు నాలిక మీద మోస్తున్న రుచిలో నెయ్యెంతో కులమెంతో ఎప్పుడన్నా తూచి చూసుకున్నారా?

1957లో మద్రాసు ట్రిప్లికేన్‌లో ఒక హోటలు బోర్డు మీద 'బ్రాహ్మణ' అనే మాట తీసెయ్యమని పెరియార్ మనుషులు ధర్నాలు చేసి అరెస్టయ్యారు. నాలుగేళ్ల ముందుదాకా మా ప్రాంతమూ ఆ రాష్ట్రంలోదే. అదే మద్రాసులో 2008లో ఉడ్‌లాండ్స్ డ్రైవ్-ఇన్ మూతబడితే ఎంతమంది కళ్లు చెమర్చాయో! రాజ్యాంగం 15వ అధికరణంలో దుకాణాలు, హోటళ్లు అని పేరు పెట్టి మరీ రాశారు. ఎందుకు రాయాల్సొచ్చిందో పిల్లలకు పాఠం చెప్పేది నేనే. 1955లో అంటరానితనం నేరాల చట్టం వచ్చింది. 1976లో దాన్ని పదునుపెట్టి పౌరహక్కుల రక్షణ చట్టమన్నారు. మా నాయన సందులోనే ఉన్నాడు.

2012 డీఎస్సీలో నాకు ఉద్యోగమొచ్చింది. మొదటి జీతం చేతికి రాగానే నాయన్ని ఆ హోటలుకే తీసుకుపోయా. వాకిట్లోకి రాగానే ఆయన కాళ్లు వాటంతటవే సందు వైపు తిరిగాయి. "నాయనా, ఇటు" అని చెయ్యి పట్టుకోవాల్సొచ్చింది. కుర్చీ అంచున కూర్చుని, తల వంచుకుని రెండిడ్లీలు తిన్నాడు. కాఫీ తాగి, గ్లాసు పట్టుకుని లేచి కుళాయి కోసం చూస్తున్నాడు. సర్వరు నవ్వి "అక్కడే పెట్టు పెద్దాయనా" అన్నాడు. నిజం చెప్పాలి, ఆ రోజు మమ్మల్ని ఎవరూ ఏమీ అన్లేదు. అనాల్సిన పని లేకుండా ఎప్పుడో చేసిపెట్టారు.

తలపోతలు వద్దనను. 2010లో కోచింగుకని హైదరాబాదులో ఉన్నప్పుడు ఇరానీ హోటల్లో ఒక్క చాయ్ మీద మూడు గంటలు కూర్చుని చదివా. ఇంటిపేరు అడిగినోడు లేడు. అలాంటివీ ఒక్కొక్కటి పోతున్నాయంటే నాకూ గుండె కలుక్కుమంటది. ఏ తలుపులోంచి పోయావో దాన్ని బట్టే జ్ఞాపకం.

మా బళ్లో మధ్యాహ్న భోజనం వండే ఆయమ్మది మా పల్లే. వంటవాళ్ల నియామకంలో దళితులకు ప్రాధాన్యమివ్వమని 2004లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆయమ్మ సాంబారు నేను రోజూ తింటా, అయ్యగారి సాంబారుకు ఏం తీసిపోదు. ఆరుగురు పిల్లలు ఇంటి నుంచి క్యారియర్లు తెచ్చుకుంటారు. తెలుగు మాస్టారు ఆరేళ్లుగా ఒక్క గరిటె రుచి చూళ్లేదు. సాంబారు కోసం అంత అంగలార్చే మనిషికి వేడి సాంబారు పదడుగుల దూరంలోనే ఉంది.

సరే, 'ఎవడు పడితే వాడు' ఎవరో చెప్తా. మా చిన్నమ్మ కొడుకు. డిగ్రీ చదివి, ఉద్యోగం రాక, బస్టాండు పక్కన టిఫిన్ బండి పెట్టాడు. మొదట్లో బండికి అంబేడ్కర్ ఫోటో కట్టాడు. నెల తిరక్కుండానే ఫోటో పోయి, నిమ్మకాయా మిరపకాయలూ వేలాడుతున్నాయి.

మొన్న ఆదివారం అడిగా, "ఫోటో ఏదిరా?"

"ఇంట్లో భద్రంగా ఉందన్నా. బండి మీదుంటే పిండి మిగిలిపోతా ఉంది."

నా వైపు చూళ్లేదు. చట్నీ ఇంకో గరిటె వేశాడు.

సోమవారం పొద్దున్నే పోయి ఎనిమిది మందికి సరిపడా ఇడ్లీ కట్టించా, స్టాఫ్ రూముకని. ఇప్పుడు సంచి బల్ల మీదుంది, ఇంకా వేడిగానే ఉంది. ఎక్కడివి మాస్టారూ అని అడుగుతారు. ఈసారి చెప్తా.