చారాణ కోడికి బారాణ మసాలాయేనా?

రూపాయి బిళ్ల ఒకటి తయారు చేయడానికి రూపాయి 11 పైసలు ఖర్చవుతుందని 2018లో సమాచార హక్కు చట్టం కింద ఒక లెక్క బయటికొచ్చింది. రెండు రూపాయల బిళ్లకు రూపాయి 28 పైసలు, అయిదుకు 3 రూపాయల 69 పైసలు, పదికి 5 రూపాయల 54 పైసలు. ఈ అంకెలు వింటే తెలంగాణలో ఎవరి నోటికైనా ముందుగా వచ్చేది చారాణ కోడి, బారాణ మసాలా సామెతే. అసలుకు మించిన ఖర్చు పెట్టడం దేనికి, ఆపేస్తే పోలేదా అనడం సహజం. అయితే ఆ సామెతను నాణేనికి అంటగట్టేముందు కొంచెం ఆలోచించాలి. కోడి ఒక్క పూట కూరతో సరి. స్టీలు బిళ్ల మాత్రం చేతులు మారుతూ ఏళ్ల తరబడి పనిచేస్తుంది. పది పైసలో పదకొండు పైసలో నష్టానికి కొన్ని వేల లావాదేవీలు జరిగిపోతే అది నష్టమే కాదనవచ్చు. పైగా ఆ లెక్క ప్రకారమే పది రూపాయల బిళ్ల మీద ప్రభుత్వానికి 4 రూపాయల 46 పైసలు మిగులుతున్నాయి. రూపాయి బిళ్లలు కోటి కొడితే పోయేది 11 లక్షలు. కేంద్ర ఖజానాకు ఇదేమంత భారం కాదు.

కానీ ఈ వాదన నిలవాలంటే బిళ్ల నిజంగా చేతులు మారాలి. ఇబ్రహీంపట్నం అంగడిలో ఇప్పుడు కొత్తిమీర పదికి రెండు కట్టలు, పాలకూర ఇరవైకి ఇన్ని అంటున్నారు తప్ప రూపాయల లెక్కన బేరం అరుదు. చర్లపల్లి టంకశాలలో తయారై బ్యాంకు దాటి వచ్చిన బిళ్ల ఇంట్లో పోపుల డబ్బా దగ్గరో, దేవుడి గూట్లోనో, హుండీలోనో చేరి అక్కడే ఉండిపోతే వేల లావాదేవీల మాట ఎక్కడిది? కిరాణా కొట్టులో చిల్లర కరువు, ఇళ్లలో చిల్లర మూలుగు. కరువు తీర్చడానికి టంకశాల మళ్లీ కొత్తవి కొడుతుంది. ఆ విధంగా చూస్తే లోహం ఖర్చు కంటే మోత ఖర్చు, లెక్క ఖర్చు బరువైనవి. రూపాయి, రెండు రూపాయల బిళ్లలను నూరేసి చొప్పున ప్లాస్టిక్ సంచుల్లో తెస్తే తూకం వేసైనా తీసుకోండని రిజర్వు బ్యాంకు బ్యాంకులకు చెప్పాల్సి వచ్చిందంటే, లెక్కపెట్టే మనిషి జీతం ఎంత పడుతుందో ఊహించుకోవచ్చు.

ఖర్చు తగ్గించే దారి ప్రభుత్వం వెతకలేదనలేం. రాగి, నికెల్ మిశ్రమం పోయి స్టీలు వచ్చింది. పరిమాణం తగ్గింది. దానికీ మూల్యం ఉంది. 2011లో వచ్చిన రెండు రూపాయల బిళ్ల వ్యాసం 25 మిల్లీమీటర్లు, అంటే అంతకుముందున్న స్టీలు రూపాయి బిళ్లంత. చూపు సరిగా లేని ముసలమ్మ తడిమి చూసి ఏది ఏదో ఎలా చెప్పగలదు? 2019 శ్రేణి నాణేలను చూపులేనివారు గుర్తుపట్టేలా రూపొందించామన్నారు, కానీ పాతవీ కొత్తవీ కలిసి ఒకే డబ్బాలో తిరుగుతున్నంత కాలం ఆ సౌకర్యం సగమే.

నాణెం ఆపడం మనకు కొత్త కాదు. పావలా, అంతకు తక్కువ విలువ గల బిళ్లలు 2011 జూన్ 30 నుంచి చెల్లకుండా పోయాయి. అందుకు ఆరు నెలల ముందే ప్రకటన వచ్చింది, బ్యాంకుల్లో మార్చుకునే గడువూ ఇచ్చారు. ఎవరూ పెద్దగా బాధపడలేదు, ఎందుకంటే బజారు అప్పటికే దాన్ని వదిలేసింది. అర్ధరూపాయి సంగతి ఇంకా వింత. పది రూపాయల మొత్తం దాకా చెల్లింపుకు అది ఇప్పటికీ చట్టబద్ధమే, 2011 నాటి నాణేల చట్టంలో ఉంది. కొట్లో ఇచ్చి చూడండి. చట్టం ఉందన్నది బజారు లేదంటే, బజారు మాటే చెల్లుతుంది. పది రూపాయల బిళ్లను కూడా పుకార్లు నమ్మి చాలా ఊళ్లలో తీసుకోకపోతే, 14 రకాల నమూనాలూ చెల్లుతాయని 2018లో రిజర్వు బ్యాంకు ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది.

అర్ధరూపాయి చలామణిలోంచి జారిపోతే ఏమవుతుందో అగ్గిపెట్టె చెప్పింది. 2021 డిసెంబరు 1న అగ్గిపెట్టె ధర రూపాయి నుంచి రెండు రూపాయలైంది. ముడిసరుకు ధరలు పెరిగాయన్నది నిజమే, పుల్లల సంఖ్యా 36 నుంచి 50కి పెంచారు. అయినా రూపాయిన్నర అనే మెట్టు లేకపోవడం వల్ల ఒక్క అడుగులో ధర రెట్టింపయింది. రేపు రూపాయి మెట్టు కూడా తీసేస్తే, రెండు నుంచి ఎక్కడికి దూకుతుందో ఆలోచించాలి. వ్యాపారి ధర పెంచకుండా సరుకు తగ్గిస్తాడన్న జవాబు ఉంది, కానీ ధర పెరిగిందా సరుకు తగ్గిందా అన్నది కొనేవాడికి పెద్ద తేడా కాదు.

మరోవైపు ఒకటి ఒప్పుకోవాలి. చిల్లర లేనప్పుడు బిల్లును దగ్గరి అంకెకు సర్దడం చట్టంలో లేకపోయినా బజారులో ఎప్పటినుంచో ఉంది. 47 రూపాయల సరుకుకు 50 ఇస్తే మూడు చాక్లెట్లు చేతిలో పెడతారు. అది సర్దుబాటు కాక ఏమిటి? పైగా ఎప్పుడూ ఒకవైపే. నిబంధన ప్రకారం రెండువైపులా జరిగే సర్దుబాటు వస్తే, ఈ చాక్లెట్ల పద్ధతి కంటే కొనేవాడికి మేలే జరగవచ్చు. కెనడా 2013 ఫిబ్రవరిలో సెంటు పంపిణీ ఆపినప్పుడు చేసిందదే. నగదు బిల్లు మొత్తాన్ని పన్నుతో కలిపి దగ్గరి అయిదు సెంట్లకు సర్దారు, కార్డుతో ఇస్తే అసలు మొత్తమే. అమెరికా 2025 నవంబరులో చివరి చలామణి సెంటు ముద్రించింది. సర్దే పద్ధతి మీద దేశమంతటికీ ఒక చట్టం లేకుండానే ముద్రణ ఆగడంతో, ఎటు సర్దాలన్నది దుకాణాల ఇష్టానికి మిగిలిపోయింది. డాలస్‌లో, న్యూజెర్సీలో ఉన్న మనవాళ్లు ఆ తేడా కౌంటరు దగ్గరే చూస్తున్నారు.

మన రోడ్డు మీదే ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. 2022 మార్చిలో అప్పటి టీఎస్‌ఆర్టీసీ చిల్లర సమస్య పరిష్కారం పేరిట పల్లెవెలుగు చార్జీలను సర్దింది. 12 రూపాయల టికెట్టు 10కి దిగింది, 13, 14 రూపాయలవి 15కి ఎక్కాయి. సంస్థ వైపు న్యాయం ఉంది. సాగర్ రోడ్డు మీద తుర్కయంజాల్, బొంగుళూరు దాటుకుంటూ కిక్కిరిసి పోయే బస్సులో కండక్టరు బాకీ చిల్లర టికెట్టు వెనక రాసివ్వడం, దిగేటప్పుడు దానికోసం పేచీ, ఇదంతా ఎవరికీ సుఖం కాదు. అంకెల వరకు చూస్తే సర్దుబాటు సమానమే, రెండు తగ్గితే ఒకటో రెండో పెరిగాయి.

చిక్కు ఇక్కడే ఉంది. కిరాణా బిల్లు ఈరోజు 47, రేపు 62. పైకి సర్దినా కిందికి సర్దినా నెలలో సరిపోతుంది. బస్సు టికెట్టు అలా కాదు. స్టేజీ మారదు, చార్జీ మారదు. 13 రూపాయల స్టేజీలో ఉన్న కూలీ పనికి పోయిరావడానికి రోజుకు నాలుగు రూపాయలు ఎక్కువ ఇస్తాడు, 25 రోజులకు వంద. 12 రూపాయల స్టేజీ వాడికి అంతే మిగులుతుంది. సంస్థ ఖాతాలో ఇవి కొట్టివేతకు పోవచ్చు, ఆ ఇద్దరి జేబుల్లో మాత్రం కావు. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి కింద మహిళలకు టికెట్టు డబ్బుల బాధ తప్పింది కాబట్టి, ఇలాంటి తేడా ఇప్పుడు మగవాళ్ల మీదే పడుతుంది. సగటు లెక్కల్లో న్యాయంగా కనిపించేది ఒక్కో మనిషి దగ్గర అన్యాయంగా తేలవచ్చునని నాణేల ఖర్చు గురించి వాదించేవాళ్లు తరచుగా మరిచిపోతారు.

ఫోను ఉంది కదా, యూపీఐతో పైసాతో సహా ఇవ్వొచ్చు కదా అంటారు. పట్నంలో అది చాలామటుకు నిజం. కానీ ఫోను చెల్లింపు ఉచితం కాదు, ఖర్చు కనిపించదంతే. 2020 జనవరి నుంచి వ్యాపారుల మీద చార్జీ లేకుండా చేసినందుకు, చిన్న చెల్లింపులకు ప్రోత్సాహకంగా 2024–25కు సుమారు 1,500 కోట్ల రూపాయలు ఖజానా నుంచి కేటాయించారు. నాణెం మీద పదకొండు పైసలు దండగ అన్న నోటితోనే దీన్ని ప్రగతి అనడంలో పొరపాటేమీ లేకపోవచ్చు, కానీ రెండూ ఖర్చులేనని ఒప్పుకోవాలి. ఇక ఫోను లేనివాళ్లు, ఉన్నా వాడలేనివాళ్లు ఎవరో చెప్పనక్కర్లేదు. 2019లో ఆసరా వృద్ధాప్య పింఛనును 2,016 రూపాయలు చేసింది ప్రభుత్వమే. శుభసంఖ్య కోసం పెట్టిన ఆ 16 రూపాయలు పూర్తిగా చేతికి రావాలంటే చిన్న బిళ్లలు కావాల్సిందే. అవి లేకపోతే తగ్గేది ఎవరికో తెలుసు. పెళ్లి చదివింపుల కవరుకు అంటించే రూపాయినీ, నూటపదహార్లనూ నేను ఈ వాదనలోకి తేవడం లేదు. ఆచారం తన దారి తాను వెతుక్కుంటుంది.

ఈ పరిస్థితిలో నాకు సబబుగా తోచేది ఇది. అర్ధరూపాయిని చట్టంలో ఉంచడం వల్ల ఎవరికీ లాభం లేదు. పావలాకు ఇచ్చినట్టే ఆరు నెలల గడువిచ్చి, బ్యాంకుల్లో మార్చుకోనిచ్చి, తీసేయవచ్చు. రూపాయి బిళ్లను మాత్రం ఇప్పుడే రద్దు చేయకూడదు, కొత్తగా ముద్రించే సంఖ్య తగ్గించి, మూలుగుతున్న వాటిని బయటికి రప్పించే ప్రయత్నం ముందు చేయాలి. హైదరాబాద్‌తో సహా 12 నగరాల్లో క్యూఆర్ కోడ్ నాణేల యంత్రాలను ప్రయోగంగా పెడతామని 2023లో ప్రకటించారు. చిల్లర ఇచ్చే యంత్రంతో పాటు చిల్లర తీసుకునే ఏర్పాటూ ఇబ్రహీంపట్నం లాంటి చిన్న పట్టణాల్లో ఉండాలి. ఒకనాటికి రూపాయి కూడా పోవాల్సి వస్తే, సర్దుబాటు నియమం నాణెం కంటే ముందు రావాలి. బిల్లు మొత్తం మీద, నగదుకే, రెండువైపులా. బస్సు చార్జీ లాంటి రోజువారీ స్థిర ధరలను ఆ నియమం కిందికి తేకూడదు. అక్కడ చార్జీ పెంచాలనుకుంటే పెంచుతున్నామని చెప్పి పెంచాలి, చిల్లర పేరు మీద కాదు.