ఒంటెని కట్టకుండా తవక్కులా?



మా ఖాలాజాన్‌కి మొదటి కీమో అయ్యి రెండు వారాలు దాటింది. జుట్టు రాలుతోందని ఇంట్లో కూడా దుపట్టా తియ్యడం లేదు. మొన్న ఆదివారం మొహల్లా నుంచి చూడ్డానికి వచ్చిన ఒకామె, చాయ్ తాగి లేస్తూ, "రోనా నక్కో ఆపా, ఏడిస్తే ఈమాన్ కమ్జోర్ అయినట్టు. తవక్కుల్ ఉన్నోళ్లకి ఇన్ని సూదులెందుకు?" అనేసి వెళ్లిపోయింది. రాత్రి ఖాలా నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అడిగింది: "సచ్ బోల్ బేటా, నా తవక్కుల్‌లో ఏమైనా కమీ ఉందా?"

ఆ సవాల్‌కి జవాబు ఖాలాకి ఇచ్చాను. మిగతాది మనందరికీ రాస్తున్నాను, గుస్సాతోనే.

ఖాలాకి రొమ్ములో గడ్డ తగిలింది ఎనిమిది నెలల కిందట. చెప్పుకోడానికి షరమ్. చెప్పాక ఇదే మొహల్లా దమ్ చేసిన నీళ్ల సీసాలు పంపింది. "పద, ఆసుపత్రికి నేనొస్తా" అన్నవాళ్లు ఒక్కరూ లేరు. (నాకు ఆఖర్న తెలిసింది. అయినా అది బహానా కాదు, నేను ముందే అడగాల్సింది.) దుఆ వద్దని నేననడం లేదు. కానీ ఆ ఎనిమిది నెలలకి తవక్కుల్ అని పేరు పెడితే ఒప్పుకోను. అది భయం, షరమ్, బద్ధకం.

ఒంటెని వదిలేసి తవక్కుల్ చెయ్యనా అని అడిగిన మనిషికి, ముందు కట్టు, తర్వాత తవక్కుల్ చెయ్యి అని ప్రవక్త (స) చెప్పిన హదీసు తిర్మిజీలో ఉంది. బయాన్లలో వందసార్లు విన్నాం. విని ఇంటికొచ్చి ఒంటెని విప్పేస్తాం.

హిజ్రత్ చూడండి. మదీనా మక్కాకి ఉత్తరాన ఉంది. ప్రవక్త (స), అబూ బకర్ (రజి) వెళ్లింది దక్షిణాన ఉన్న సౌర్ గుహకి. మూడు రాత్రులు అక్కడే దాక్కున్నారు. అబూ బకర్ కొడుకు ఖురైష్ కబుర్లు మోసుకొచ్చేవాడు. ఆమిర్ బిన్ ఫుహైరా గొర్రెల మందని అటు తోలుకొచ్చేవాడు, తాగడానికి పాలు. దారి చూపించడానికి కిరాయికి పెట్టుకున్నది ఎవర్ని? అబ్దుల్లా బిన్ ఉరైఖిత్‌ని. అప్పటికి అతను ముసల్మాన్ కూడా కాదు, కానీ ఆ పనిలో మాహిర్. ఇంత తద్బీర్ అయ్యాక, దుష్మన్లు గుహ ముంగిట నిలబడ్డప్పుడు, దిగులుపడకు, అల్లా మనతో ఉన్నాడు అన్న మాట వచ్చింది. మనం ఆ మాట ఒక్కటే పట్టుకుని ముందరి ఇంతజామ్ అంతా మర్చిపోయాం.

ఉమర్ (రజి) షామ్‌కి పోతూ దారిలో ప్లేగు సంగతి విని సర్గ్ నుంచి వెనక్కి తిరిగారు. అల్లా తక్దీర్ నుంచి పారిపోతారా అని అబూ ఉబైదా (రజి) అడిగితే, తక్దీర్ నుంచి తక్దీర్‌కే పోతున్నాం అన్నారాయన. కీమో గది కూడా ఆ తక్దీర్‌లోదే.

ఇక ఏడుపు. యూసుఫ్ కోసం ఏడ్చి ఏడ్చి యాఖూబ్ (అలై) కళ్లు తెల్లబడ్డాయని ఖురానే చెబుతోంది. ఆయన ఈమాన్‌ని తూచే తరాజు ఎవరి దగ్గరుంది? తన గమ్ అల్లాకే చెప్పుకుంటున్నానన్నారు, గమ్ లేదనలేదు. పక్కవాడి ముసీబత్‌లో సబర్ చెప్పడం చాలా సస్తా. మనకి ఒక్క పైసా ఖర్చు కాదు.

ఖాలాకి ఇదంతా చెప్పాను. సూరె యూసుఫ్ దగ్గరికి వచ్చేసరికి ఆమె దుపట్టా తీసి మొహం తుడుచుకుంది, మళ్లీ కప్పుకోలేదు.

బుధవారం రెండో కీమో. పొద్దున ఏడింటికి బయల్దేరాలి. ఆరోగ్యశ్రీ కాగితాలకి లైన్‌లో ఒకరు, ఖాలా పక్కన ఒకరు ఉండాలి, నేనొక్కణ్ణే ఉన్నాను. దుఆ చేసేవాళ్లు చెయ్యండి, వచ్చేవాళ్లు రండి.