నాలుగు లక్షల నోళ్ళ భాష



ఐస్‌లాండు వెళ్ళి వచ్చినవారు జలపాతాలను గూర్చి, రాత్రివేళ ఆకాశంలో ఆడే పచ్చని కాంతులను గూర్చి వ్రాస్తారు. వ్రాయదగినవే. అయితే వాటి ఛాయాచిత్రాలు ఈపాటికి అందరూ చూసే ఉంటారు. తెలుగు చదువుకున్నవాడు అంత దూరం పోయి చూడవలసినది అక్కడ మరొకటి ఉన్నది. అది ఆ దేశపు భాష.

2024 సెప్టెంబరు చివర నలుగురం విశ్రాంత ఉపాధ్యాయులం కలిసి బయలుదేరాము. ఒకరు భౌతికశాస్త్రం, ఒకరు సాంఘికం, ఒకరు లెక్కలు, నేను తెలుగు. పెట్టెల్లో స్వెట్టర్లకంటె ఆవకాయ, గోంగూర, కందిపొడి బరువెక్కువ. విమానాశ్రయం నుండి రేక్యవిక్ నగరానికి పోయే దారి పొడవునా నల్లని లావా రాళ్ళు, వాటిమీద బూడిదరంగు నాచు. చెట్టన్నది కంటికి ఆనదు. స్నానానికి కొళాయి తిప్పితే భూగర్భం నుండి వచ్చిన వేడినీళ్ళు, వాటితోపాటు గంధకం వాసన. ఆ దేశంలో నూటికి తొంభై ఇళ్ళు ఈ భూతాపంతోనే వెచ్చగా ఉంటాయి. స్కీర్ అని గట్టి పెరుగువంటిది దొరుకుతుంది. అన్నంలో కలుపుకొని ఆవకాయ నంజుకుంటే ప్రాణం లేచివచ్చినది.

ఆ దేశ జనాభా నాలుగు లక్షలకు లోపే. మన జిల్లా కేంద్రాలు కొన్ని అంతకంటె పెద్దవి. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో తెలుగు మాతృభాషగా కలవారు 8 కోట్ల 11 లక్షలు. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టుకొనే నేను ఆ దేశం తిరిగాను.

రేఖోల్ట్ అనే పల్లె ఉన్నది. స్నోరి స్టుర్లుసన్ అనే కవి, చరిత్రకారుడు, రాజకీయవేత్త కాపురమున్న చోటు. 1179లో పుట్టి 1241లో అక్కడే, తన ఇంటి నేలమాళిగలో, నార్వే రాజు పక్షంవారి చేత హతుడయ్యాడు. (ఆయన విగ్రహాన్ని 1947లో ఆ ఊరికి బహూకరించినది కూడా నార్వేయే. చరిత్రకు ఇటువంటి చమత్కారాలు అలవాటే.) ఆయన వాడిన వేడినీటి మడుగు గుండ్రని రాతికట్టుతో నేటికీ ఉన్నది. ఆయన జీవించిన కాలమే మన తిక్కన సోమయాజి కాలం. నెల్లూరిలో ఒకరు, మంచుకొండల నడుమ ఒకరు.

స్నోరి వ్రాసిన ఎడ్డా ఒక లక్షణగ్రంథం. పాత పురాణగాథలు, పర్యాయపదాలు, ఛందస్సులు తెలియకపోతే రేపటి కుర్రవాడు పద్యం ఎట్లా వ్రాస్తాడన్న దిగులుతో వ్రాసిన పుస్తకం. వారి ఛందస్సును గూర్చి మా మార్గదర్శి అయిన యువకుడు చెబుతూ ఉంటే నాకు ఒళ్ళు పులకరించినది. జంట పాదాలలో మొదటి పాదాన రెండు అక్షరాలు ఒకే ధ్వనితో రావాలి. వాటిని వారు ఊతకర్రలు అంటారు. రెండవ పాదం తలలో అదే ధ్వని మళ్ళీ రావాలి. అచ్చులన్నీ ఒకదానితో ఒకటి చెల్లుతాయి. మనకు అ, ఆ, ఐ, ఔ ఒక జట్టు, ఇ, ఈ, ఎ, ఏ మరొక జట్టు. వారు ఈ విషయంలో మనకంటె ఉదారులు. అంతేకాదు, హల్లు అదే ఉంచి అచ్చును మార్చే మైత్రి ఒకటి వారి రాజాస్థాన కవిత్వంలో ఉన్నది. పాదంలోపలే వస్తుందన్న తేడా తప్పిస్తే అది మన ప్రాసకు దగ్గరి చుట్టమే. వీరిని చూసి వారు, వారిని చూసి వీరు నేర్చినది కాదు.

ఆ యువకుడు ఒక నాలుగు పాదాల పద్యం చదివాడు. అర్థం ఒక్క ముక్క తెలియలేదు గాని యతి పడ్డ చోటల్లా నా చెవి ఆగినది. బదులుగా మా భౌతికశాస్త్రం మాస్టారు పోతన పద్యమొకటి రాగయుక్తంగా అందుకున్నారు. అతడు వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంటూ విన్నాడు.

ఇక మాటల పుట్టుక. కంప్యూటరును వారు ‘తొల్వ’ అంటారు. అంకె అనే మాటనూ, సోదె చెప్పే స్త్రీ అనే పాత మాటనూ కలిపి సిగుర్దుర్ నోర్దాల్ అనే పండితుడు 1960లలో కల్పించినది. టెలిఫోను ‘సీమి’, దారం అని అర్థమిచ్చే మరుగుపడిన మాటకు మళ్ళీ ఊపిరి పోశారు. కంప్యూటరు తెర ‘స్క్యార్’. పూర్వం మట్టిపెళ్ళల ఇళ్ళలో గాజుకు బదులు కిటికీకి బిగించిన పలుచని పొర పేరది. గమనించండి, ఇవి పక్క దేశపు శాస్త్రభాష నుండి తెచ్చినవి కావు. చేపలవాడి ఇంట్లో, గొర్రెలకాపరి ఇంట్లో నలిగిన మాటలు. మనకూ ఆ విద్య తెలియకపోలేదు. తీగ అన్న అర్థంలోని ‘తంతి’ని టెలిగ్రాముకు ఇచ్చి తంతి తపాలా అన్నాము. మీట, తెర అటువంటివే. కాని పారిభాషిక పదసంఘాలవారు కూర్చున్నప్పుడు మాత్రం సంస్కృత సమాసాలే దిగాయి. సంస్కృతం చదువుకున్నవాడినే నేను. అయినా చెబుతున్నాను, ఆరేడు అక్షరాల సమాసం బజారులో కూర కొనడానికి రాదు.

ఆ రాత్రి భోజనం దగ్గర మా సాంఘికం మాస్టారు నాతో వాదానికి దిగారు. “పంతులుగారూ, చేపలూ వేడినీళ్ళూ ఉన్న సంపన్నుల ముచ్చటండీ ఇది. మన పిల్లవాడికి ఉద్యోగం ఏ భాషలో వస్తుందో ముందు అది చెప్పండి” అన్నారు. వాదంలో బలం ఉన్నది. వడ్డించే అమ్మాయి పోలండు నుండి వచ్చినది, ఐస్‌లాండు భాష రాదు, ఇంగ్లీషే. తమ పిల్లలు ఆటల్లో, ఫోనుల్లో ఇంగ్లీషులోకి జారిపోతున్నారని అక్కడివారికీ బెంగ ఉన్నది. 2011లో తమ భాషకు చట్టంతో రక్షణ కల్పించుకున్నారు. 2023లో కృత్రిమ మేధకు తమ భాష నేర్పడానికి ఓపెన్‌ఏఐ సంస్థతో చేతులు కలిపారు.

అయితే సంపద మాట మాత్రం నేనొప్పుకోను. 1783లో లాకి పగుళ్ళు బద్దలై ఎనిమిది నెలలు విషవాయువులు కక్కినప్పుడు పశువులలో సగానికి పైగా చచ్చాయి, ఇంచుమించు యాభై వేల జనంలో అయిదవ వంతు ఆకలికి, రోగానికి పోయారు. అప్పుడు వారిని ఏలేది డెన్మార్కు. పాత చర్మపత్ర గ్రంథాలలో కొన్ని అంతకు ముందే బట్టల కత్తిరింపు నమూనాలైపోయాయి. మిగిలినవాటిని ఆర్ని మాగ్నుస్సన్ ఏరి కోపెన్‌హేగన్ చేర్చాడు, మన గ్రంథాలను బ్రౌను దొర ఏరినట్లు. అంతటి దరిద్రంలోనూ చలికాలపు రాత్రులు ఇంటిల్లిపాదీ ఒకే గదిలో కూర్చుని ఉన్ని వడుకుతూ ఉంటే ఒకరు కథలు పైకి చదివేవారు. ఆ భాషను నిలిపినది ఆ గొంతు. చట్టం నిన్నగాక మొన్న వచ్చినది. 1971 ఏప్రిల్ 21న మొదటి రెండు గ్రంథాలను డెన్మార్కు ఓడలో తిరిగి పంపినప్పుడు రేవుకు వేలాది జనం తరలివచ్చారంటే, ఆ పుస్తకాలు వారు విన్నవి గనుకనే.

మన ఇళ్ళలోనూ భాగవతం పైకి చదివే అరుగులు ఉండేవి. ఇప్పుడు ఒక్క పద్యం నోటికి రాకపోయినా పదవ తరగతి గట్టెక్కవచ్చు. వారు జోనాస్ హాల్గ్రిమ్సన్ పుట్టిన నవంబరు 16న భాషాదినం జరుపుకుంటారు, మనం గిడుగువారు పుట్టిన ఆగస్టు 29న. దండలు వేయడంలో మనమే ముందుంటాము. గిడుగువారు కోరినది దండ కాదు, జనం మాట బడిలో వినబడడం.

తిరుగు ప్రయాణంలో కాగితం తీసి నేనెరిగిన వృత్తి మాటలు వ్రాసుకుంటూ వచ్చాను. మగ్గం దగ్గర పడుగు, పేక, నాడె, అచ్చు; సేద్యంలో కాడి, మేడి, నొగలు, కపిల, ఏతం. నలభై దాటేసరికి ఆగిపోయినది. మీ మీ ఊళ్ళలో కుమ్మరి, వడ్రంగి, జాలరి నోట వినబడే మాటలు మీకు తెలిసే ఉంటాయి. వ్యాఖ్యలలో వ్రాయండి. మాటతోపాటు ఊరి పేరు, వాడే పని కూడా వ్రాయండి. ‘నెట్‌వర్క్’కు పడుగుపేక పనికివస్తుందా అన్న విషయం వచ్చే టపాలో చర్చించుకుందాము.